రాణిగారికి చెప్పని కబురు

మా విన్నిపెగ్‌లో ఇండియన్ గ్రోసరీ షాపులవాళ్ళు ప్రతి జనవరిలోనూ ఉచితంగా ఇచ్చే క్యాలెండరు మీద నాకొక ఫిర్యాదు ఉంది. పైసగం నిండా ఇళ్ళమ్మే రియల్టరు ఒకడు చేతులు కట్టుకుని నవ్వుతూ ఉంటాడు. లక్ష్మీదేవి ఆయన భుజం పక్కన స్టాంపు సైజులో సర్దుకుని ఉంటుంది. ఆవిడకి లేని పట్టింపు నాకెందుకని దాని జోలికి పోను. నా బాధ కింది సగం గురించి. అందులో తిథులన్నీ ఇండియా టైము ప్రకారం అచ్చువేస్తారు. అక్కడి తెల్లవారుజాము మనకి ముందురోజు సాయంత్రం కదా. ఆ క్యాలెండరుని నమ్మి మా ఆవిడ ఒకసారి ఏకాదశినాడు సుష్టుగా భోంచేసి, ద్వాదశినాడు కఠినంగా ఉపవాసం ఉంది. షాపాయనకి చెబితే, "అంకుల్, ఫ్రీగా ఇచ్చినదాంట్లో కరెక్షన్లు కూడానా" అన్నాడు. న్యాయమే.

రిటైరైన మనిషికి ఇలాంటివి పెద్ద విషయాలుగా కనిపిస్తాయి. పైగా నేను "ఈ రోజు తేదీ ఎంత?" అని ముక్కూమొహం తెలియనివాళ్ళని అడుగుతూ ముప్పై ఏళ్ళు జీతం తీసుకున్నవాణ్ణి. తేదీల విషయంలో నాకు కాస్త పట్టింపు ఉండడం సహజం.

2014 నవంబరులో నేను విన్నిపెగ్‌లోని ఒక ఆసుపత్రిలో, జ్ఞాపకశక్తి తగ్గినవాళ్ళని చూసే క్లినిక్కులో సీనియర్ కన్సల్టెంటుగా ఉన్నాను. నా శాఖ వృద్ధుల మానసిక వైద్యం. ఇందులో మందులు తక్కువ, మాటలు ఎక్కువ. కత్తి పట్టే డాక్టర్లు మమ్మల్ని డాక్టర్లుగా ఒప్పుకుంటారు గానీ, కాస్త ఆలోచించి ఒప్పుకుంటారు.

మా పనిలో అన్నిటికన్నా బరువైనది కెపాసిటీ అసెస్‌మెంటు. అంటే ఒక మనిషి తన విషయాలు తాను నిర్ణయించుకోగలడా లేదా అని పరీక్షించి సంతకం పెట్టడం. లేదని సంతకం పెడితే, ఆ మనిషి ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గర ఉండాలో ఆ తర్వాత ఇంకొకరు చెబుతారు. ఒక దొంగని ఆర్నెల్లు లోపల పెట్టడానికి జడ్జీ కావాలి, లాయర్లు కావాలి, సాక్షులు కావాలి. దీనికి చాలావరకు నేనూ, నా పెన్నూ సరిపోతాం.

అందుకే చట్టం మాకు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. ప్రతి మనిషీ సమర్థుడే అన్న నమ్మకంతో మొదలుపెట్టాలి. కాదని తేల్చాల్సిన భారం మాది. నాలుగు సంగతులు చూడాలి. చెప్పింది అర్థమవుతోందా, అది తన పరిస్థితికి వర్తిస్తుందని గ్రహిస్తున్నాడా, మంచిచెడ్డలు బేరీజు వేయగలుగుతున్నాడా, ఒక నిర్ణయం చెప్పి దాని మీద నిలబడుతున్నాడా. ఆ నిర్ణయం తెలివైనదా కాదా అన్నది మా పరిధిలోకి రాదు. తప్పు నిర్ణయం తీసుకునే హక్కు ప్రతివాడికీ ఉంది. అది లేకపోతే దేశంలో సగం పెళ్ళిళ్ళు చెల్లవు.

ఇంకో కట్టుబాటు ఏమిటంటే, పరీక్ష జరిగేటప్పుడు ఇంటివాళ్ళు గదిలో ఉండకూడదు. మనవాళ్ళ దగ్గర దీన్ని అమలు చేయడం కష్టం. తండ్రిని అడిగితే కూతురు జవాబు చెబుతుంది, భార్యని అడిగితే భర్త చెబుతాడు, ఎవరినీ అడగకపోతే బావమరిది చెబుతాడు.

ఆ నెలలో కాల్గరీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పేరు శైలజ. అక్కడ ఒక ఆయిల్ కంపెనీలో అకౌంట్లు చూస్తుంది. ఆవిడ తండ్రి పరాంకుశంగారు మా ఊళ్ళోనే యూనివర్సిటీలో యూరప్ చరిత్ర బోధించి రిటైరైన ప్రొఫెసరు. వయసు ఎనభై. భార్య సుభద్రమ్మగారు ఆ ఏడాది మార్చిలో పోయారు. శైలజ ఒక్కతే సంతానం. తల్లి పోయినప్పటినుంచీ తండ్రిని తన దగ్గరికి రమ్మంటోంది, ఆయన ఇల్లు కదలనంటున్నారు. ఈలోగా పొయ్యి మీద పాలు పెట్టి రెండుసార్లు మరిచిపోయారు. ఒకరోజు మంచులో, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులతో బస్‌స్టాపులో నిలబడి ఉంటే పక్కింటివాళ్ళు చూసి లోపలికి తీసుకొచ్చారు.

ఫ్యామిలీ డాక్టరు అప్పటికే ఆయన్ని మా క్లినిక్కుకి పంపించాడు. మావాళ్ళు ఇద్దరు విడివిడిగా చూసి, ఆయన నిక్షేపంలా ఉన్నాడని రాశారు.

"ఇద్దరూ ఇంగ్లీషులో అడిగారు డాక్టరుగారూ," అంది శైలజ. "ఇంగ్లీషులో నాన్న ఎప్పుడూ బాగానే ఉంటారు. మీరొకసారి తెలుగులో చూడండి, ప్లీజ్."

రోగ లక్షణాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన బంధువు నాకు అంతకుముందు తగల్లేదు.

పాత పరీక్షల సంగతి మావాళ్ళని అడిగాను. చూసిన ఇద్దరిలో ఒకడు రెసిడెంటు, అంటే డాక్టరే కానీ ఇంకా మా చేతికింద శిక్షణలో ఉన్నవాడు. పరాంకుశంగారి పేరు చెప్పగానే వాడి మొహం వెలిగింది. ఇప్పుడు ప్రధానమంత్రి ఎవరని అడిగాడట. అది మా మామూలు ప్రశ్న; కాలం, దేశం స్పృహలో ఉన్నాయా లేదా అని చూడడానికి. "ఏ సంవత్సరంలో?" అని ఆయన ఎదురడిగారట. వీడు తడుముకుంటుంటే, పోనీ పదిహేను వందల సంవత్సరం అనుకుందాం అని ఆయనే తేల్చి, కుర్చీలో సర్దుకుని మొదలుపెట్టారట. ఇంగ్లండులో ఏడవ హెన్రీ. ఫ్రాన్సులో పన్నెండవ లూయీ. పోర్చుగల్‌లో మాన్యుయెల్. స్పెయిన్‌లో, కొలంబస్‌కి ఓడలిచ్చి పంపిన ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతులు. జర్మన్ల మీద మాక్సిమిలియన్. రోములో ఆరవ అలెగ్జాండర్ పోపు. మాస్కోలో మూడవ ఇవాన్. "కెనడాకి అప్పటికి ప్రధానమంత్రి లేడు. ఆ లోటు ఎవరికీ తెలిసినట్టు కూడా లేదు" అని ముగించారట.

తర్వాత గడియారం బొమ్మ వేయమన్నారు. పదకొండు దాటి పది నిమిషాలు చూపించాలి. చెయ్యి, చూపు, ఆలోచన మూడూ కలిసి పనిచేస్తేనే అది కుదురుతుంది కనుక, చిన్న పరీక్షలా కనిపించే పెద్ద పరీక్ష. ఆయన గుండ్రంగా గీసి, అంకెలు వేసి, ఒక్క ముల్లు పెట్టి ఊరుకున్నారు. రెండోది ఏదంటే, "పదిహేను వందల్లో గడియారాలకి ఒక్క ముల్లే ఉండేది. నిమిషాల తొందర అప్పటికి ఎవరికీ లేదు" అన్నారట. మావాడు పడి పడి నవ్వి, మార్కు వేసేశాడు. నేను తర్వాత వాకబు చేశాను. గడియారం సంగతి నిజమే.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. బాగా చదువుకున్నవాళ్ళలో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. ఇల్లు లోపల కూలుతున్నా, ముందు వసారా చాలాకాలం నిలబడి ఉంటుంది. జవాబు గుర్తురాని చోట వాళ్ళు నీళ్ళు నమలరు, జోకు వేస్తారు. జోకుకి మార్కులు లేవు గానీ, నవ్వినవాడి చేతిలో మార్కులున్నాయి. నేను కూడా జోకులు వేసే మనిషినే కనుక, ఆ తెర ఎందుకు కడతారో, దాని వెనక ఏం పెడతారో నాకు కొంత తెలుసు.

ఆసుపత్రి గదిలో ఎవరైనా కొంత నటిస్తారు. అందుకని ఆయన ఇంటికే వెళ్ళాను. చలి అప్పటికే ముదిరింది. కారులోంచి గుమ్మం దాకా నడిచేలోపు మీసం గట్టిపడింది. తలుపు ఆయనే తీశారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా మీద స్వెట్టరుతో, ఇప్పుడే క్లాసుకి బయల్దేరుతున్నట్టు ఉన్నారు. శైలజ కాల్గరీ నుంచి వచ్చి ఉంది. పద్ధతి ప్రకారం ఆవిణ్ణి పక్కింట్లో కూర్చోమన్నాను. వెళుతూ నావంక చూసిన చూపులో, మా నాన్న పరీక్ష తప్పాలి అన్న కోరికా, తప్పకూడదన్న కోరికా రెండూ ఉన్నాయి.

నేను ఎందుకు వచ్చానో, దాని ఫలితం ఏమవుతుందో, వద్దంటే వెళ్ళిపోతానని కూడా మొదటే చెప్పాలి. ఇంగ్లీషులో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే మీరు ఫెర్డినాండ్ పంపిన మనిషన్నమాట" అని ఇంగ్లీషులోనే అన్నారు. అర్థం కాలేదన్నాను. చదువుకునే గదిలోకి తీసుకెళ్ళి పాఠం చెప్పారు.

ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతుల కూతురు హువానా. తల్లి పోయాక స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యానికి రాణి అయింది. రెండేళ్ళకి భర్త పోయాడు. ఆమెకి మతి చలించిందని తండ్రి ప్రకటించి, తోర్దెసీయాస్ అనే ఊళ్ళో కోటలో పెట్టి తలుపు వేయించాడు. తండ్రి పోయాక కొడుకు చార్లెస్ వచ్చి, తలుపు అలాగే ఉండనిచ్చాడు. పేరుకి ఆమె రాణి, చచ్చిపోయేదాకా నలభై ఏళ్ళకి పైగా ఆ కోటలోనే ఉంది. మన ప్రొఫెసరుగారు జీవితమంతా చేసిన వాదన ఒక్కటే: ఆమెకి పిచ్చి లేదు, దుఃఖం ఉంది. కానీ భర్తకీ, తండ్రికీ, కొడుక్కీ ముగ్గురికీ ఆమె పిచ్చిదైతేనే లాభం.

"ముగ్గురిలో ఒక్కడు కూడా డాక్టరుని పిలవలేదు. మీరు కనీసం వచ్చారు," అన్నారు.

అప్పుడు డాక్టరు వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పదలచుకోలేదు.

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. ఫెర్డినాండ్ చనిపోయినప్పుడు ఆ కబురు హువానాకి చెప్పలేదు. మీ నాన్నగారు బతికే ఉన్నారు, క్షేమంగా ఉన్నారు అని కాపలా పెద్దలు నాలుగేళ్ళు నమ్మబలికారు. తిరుగుబాటుదారులు కోటలోకి వచ్చి చెబితే గానీ బయటపడలేదు. "రాజ్యాలు పోతుంటాయి, అది సరే. చావు కబురు దాచడం మాత్రం దొంగతనం. ఆమె ఏడుపుని దొంగిలించారు," అన్నారు.

ఈ పాఠం నడుస్తున్నంతసేపూ నేను గోడవంక చూస్తున్నాను. గోడకి ఫెర్డినాండ్ రాజుగారి బొమ్మ ఉంది. నల్లటి టోపీ, బరువైన రెప్పలు, ఎవరినీ నమ్మని మొహం. ఆ బొమ్మకి ఒక గంధపు చెక్క దండ వేలాడుతోంది. మన ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫోటోలకి వేస్తామే, అది. మా రెసిడెంటు కూడా హోమ్ విజిట్‌కి వచ్చినప్పుడు దాన్ని చూశాడు. చరిత్రకారుడి భక్తి అనుకున్నాడు. వాణ్ణి తప్పు పట్టలేం.

నేను అప్పుడు తెలుగులోకి వచ్చాను. ఆయనది బాపట్ల, నాది కర్నూలు. ముప్పై ఏళ్ళ మంచులో ఇద్దరి యాసా అరిగిపోయి ఒకేలా అయ్యాయి.

"భోజనం సంగతి ఎలాగ మాస్టారూ?" అన్నాను.

భుజాలు దిగాయి. పాఠం చెప్పే మనిషి పక్కకి తప్పుకుని, ఇంకెవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నట్టయింది.

"సుభద్ర వచ్చాక తింటానండీ."

"ఎక్కడికి వెళ్ళారు?"

"బజారుకి. బస్సులో వెళ్ళింది. తాళంచెవి మరిచిపోయింది, ఎప్పుడూ ఇంతే. మా అమ్మాయి వచ్చి కాల్గరీ కాల్గరీ అంటుంది. నేనెలా వెళ్ళనండీ? ఆవిడ వచ్చి తలుపు కొడితే తీసేవాడొకడు ఉండాలి కదా."

దండ సంగతి అడిగాను. ఫెర్డినాండ్ మహారాజుకి ఎవరు వేశారని.

"నేనే. శైలు వచ్చినప్పుడల్లా దాన్ని తెచ్చి వాళ్ళమ్మ ఫోటోకి తగిలిస్తుంది. ఈ దేశంలో పెరిగిన పిల్ల, తెలియదు. బతికున్న మనిషి ఫోటోకి దండ వెయ్యకూడదు కదా. పారేయడమెందుకని తీసి ఈయనకి వేశాను. ఈయన పోయాడని నాకు రూఢిగా తెలుసు."

నవ్వొచ్చే మాటే. ఇంగ్లీషులో చెప్పి ఉంటే నేనూ నవ్వి ఉండేవాణ్ణి.

మిగతా పరీక్ష పద్ధతి ప్రకారం పూర్తి చేశాను. ఒంటరిగా ఉండే పెద్దాయన పొయ్యి మీద పాలు మరిచిపోతే ఏమవుతుందని అడిగాను. ఇల్లు తగలబడుతుంది, అలాంటివాణ్ణి ఒంటరిగా ఉంచకూడదు అని తడుముకోకుండా చెప్పారు. మరి మీరో అన్నాను. "నేను ఒంటరిగా లేను కదా," అన్నారు, నాకే ఏదో లోపం ఉన్నట్టు జాలిగా చూస్తూ. నాలుగు సంగతుల్లో మొదటిది ఉంది, మూడోది ఉంది, నాలుగోదానికి తిరుగే లేదు. రెండోది లేదు. ప్రమాదం అర్థమవుతోంది, అది తనదని తెలియడం లేదు. తాళంచెవి లేని భార్య బయట ఉంటే, ఇల్లు వదిలి వెళ్ళనన్న నిర్ణయంలో తప్పేముంది? ఎవడైనా పరువుగల భర్త అదే చేస్తాడు. ఆయన తర్కంలో ఎక్కడా పొరపాటు లేదు. లెక్కలో ఒక మనిషి ఎక్కువ, అంతే.

ఎక్కడ ఉండాలి, ఎవరి సంరక్షణలో ఉండాలి అన్న రెండు విషయాలకే పరిమితం చేసి, అసమర్థుడని సంతకం పెట్టాను. మనిషిని మొత్తంగా కొట్టివేయకూడదు; ఏ విషయానికి ఆ విషయం విడిగా చూడాలి. ఓటు ఆయనదే, పుస్తకాలు ఆయనవే, ఎవరి మీద కోపం రావాలన్నది ఆయన ఇష్టమే. ఫలితం రోగికి మొహాన చెప్పడం కూడా మా విధి. చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి బస్‌స్టాపు వైపు చూసి, "ఫెర్డినాండ్ కూడా బాధ్యతగానే చేశానన్నాడు లెండి," అన్నారు. ఈసారి తెలుగులో.

చట్టం పని అక్కడితో అయిపోయింది. అసలు పని మిగిలింది. సంతకం మనిషిని కారెక్కించదు. ఆయన్ని బలవంతంగా లాక్కెళ్ళడం శైలజ వల్ల కాదు, కాకూడదు కూడా. నేను పక్కింటికి వెళ్ళాక ఆవిడే అడిగింది.

"నేను నిజం చెప్పాను డాక్టరుగారూ. చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నాన్నకి అదే మొదటిసారి. కింద కూలబడి ఏడుస్తారు. ఫ్యూనరల్‌లో కూడా అంత ఏడవలేదు. మర్నాడు లేచి, అమ్మ కాఫీ పెట్టిందా అంటారు. ఇంక నావల్ల కాదు. ఏం చెప్పమంటారు?"

దీనికి మా వృత్తిలో స్థిరపడిన సలహా ఒకటి ఉంది. నిజం ఒకటి రెండుసార్లు చెప్పాలి. మెదడు దాన్ని పట్టి ఉంచలేకపోతోందని తేలాక, చెప్పిన ప్రతిసారీ ఆ మనిషికి ఒక కొత్త చావు. అప్పుడు ఆపాలి. మాట మార్చాలి, అది కుదరకపోతే ఆయన లోకంలో ఇమిడే మాట చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో దీనికి మెత్తటి పేర్లున్నాయి. తెలుగులో అబద్ధం అంటారు.

అమ్మ కాల్గరీలో మీ ఇంట్లోనే ఉందని చెప్పమన్నాను.

"మీకు ఆ రాణి కథ చెప్పారా నాన్న?" అంది శైలజ.

చెప్పారన్నాను.

"చిన్నప్పుడు నాకు బెడ్‌టైమ్ స్టోరీ అదే. అందరి పిల్లలకీ కుందేలూ తాబేలూ. నాకు తోర్దెసీయాస్. కబురు దాచినవాళ్ళ పేర్లు కూడా వచ్చు నాకు. అయినా చెప్పమంటారా?"

చెప్పమన్నాను. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. నా ముప్పై ఏళ్ళ అనుభవంలో దానికన్నా తక్కువ నొప్పి పెట్టే దారి ఇంకొకటి కనిపించలేదు.

ఆవిడ వెళ్ళి చెప్పింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "నాతో ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిందేమిటి?" అని మాత్రం అడిగారాయన. తర్వాత మంచం కింద నుంచి బూట్లు తీసి, లేసులు శుభ్రంగా కట్టుకున్నారు. మందులూ, రెండు జతల బట్టలూ, సుభద్రమ్మగారి శాలువా సంచిలో పెట్టారు. "అక్కడా చలే కదా. పిచ్చిది, అలాగే వెళ్ళి ఉంటుంది," అన్నారు. శైలజ హాల్లోంచి తల్లి ఫోటో తీసి, ఆయన చూడకుండా తన బ్యాగులో పెట్టుకుంది. దండ ఫెర్డినాండ్‌కే వదిలేశారు.

ఈ కేసు నాకు నేర్పిందేమిటో రెండు ముక్కల్లో చెప్పగలను. ఒకటి, మనిషిని జీతం తెచ్చుకున్న భాషలో పరీక్షిస్తే ఆ భాష అతన్ని కాపాడుతుంది. భార్యతో కాఫీ తాగిన భాషలో పరీక్షించాలి. రెండు, అబద్ధం కూడా మందే. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అని చూసి రాస్తాం. దాన్ని రోజూ చేతిలో పట్టుకుని నిలబడేవాళ్ళ సంగతి రాయం. రిటైరయ్యేదాకా జూనియర్లకి ఈ రెండూ చెబుతూ వచ్చాను. ఆ తర్వాతి సంగతి మాత్రం చెప్పలేదు. అది పాఠంలో ఎక్కడ ఇమడాలో నాకు తెలియలేదు.

మరుసటి మార్చిలో శైలజ మా ఆవిడకి ఫోన్ చేసింది. తల్లి సంవత్సరీకం దగ్గర పడింది. ఫాల్గుణ బహుళ ఏకాదశి కాల్గరీలో ఏ రోజు వస్తుందో చెప్పమంది. అక్కడి గ్రోసరీ క్యాలెండరు కూడా ఇండియా టైమే. ఏకాదశుల విషయంలో దెబ్బతిన్న మనిషి కనుక మా ఆవిడ కూర్చుని జాగ్రత్తగా లెక్కకట్టి చెప్పింది. అదే వారంలో కాల్గరీలో మా ఆవిడ చెల్లెలి గృహప్రవేశం. ఎలాగూ వెళుతున్నాం కాబట్టి, ఆ ఉదయం కాసేపు నాన్న దగ్గర కూర్చోగలరా అని శైలజ నన్ను అడిగింది.

అన్నదమ్ములు లేరు కనుక, గుడిలో పూజారిగారికి తల్లి పేరున స్వయంపాకం ఇద్దామనుకుంది. అంటే బియ్యం, పప్పు, కూరగాయలు పళ్ళెంలో పెట్టి ఇచ్చి నమస్కారం చేసుకోవడం. ఇంట్లో చేయడానికి లేదు. ఇంట్లో ఆవిడ బతికే ఉంది. చలికాలమంతా పైగదిలో స్నానం చేస్తూనో, గుడికి వెళ్ళో, పక్కవాళ్ళింట్లో పేరంటంలోనో ఉంది.

"అమ్మ ఫోటో నా ఆఫీసు డ్రాయర్లో ఉంది," అంది శైలజ, ఆ ఉదయం నేను వెళ్ళేసరికి వంటింట్లో పళ్ళెం సర్దుకుంటూ. "లంచ్ టైములో చూసుకుంటా. ఇంట్లో ఏడవడానికి లేదు కదండీ, కార్లో ఏడుస్తా. రెడ్ లైట్లు చాలడం లేదు."

నా దగ్గర ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ లేదు. ఉన్నా దానికి రాసేది ఏదీ లేదు.

"నాన్న అడిగితే ఆఫీసుకి వెళ్ళానని చెప్పండి," అని వెళ్ళిపోయింది.

ఆయన అడిగారు. నేను చెప్పాను. ఇతరులకి చెప్పమని నేను ఎన్నోసార్లు రాసిచ్చిన మందు, స్వయంగా వడ్డించడం అదే మొదలు. చేదుగా ఏమీ లేదు. నోరు కాస్త ఎండిపోతుంది.

"ఆఫీసుకా. మంచిది," అన్నారాయన.

మనిషి చాలా తగ్గిపోయారు. మాట కలపడానికి పదిహేను వందల సంవత్సరం ఎత్తాను, ఇంగ్లీషులో. ఇంగ్లండులో హెన్రీ ఉన్నాడు గానీ, ఎన్నో హెన్రీయో తేలలేదు. ఫ్రాన్సు గద్దె ఖాళీగా ఉంది. మాస్కో, రోమ్ ఊసే రాలేదు. పోర్చుగల్ దగ్గర చాలాసేపు ఆగి, చేత్తో గాలిలో ఏదో వెతికి, వదిలేశారు. ఈసారి జోకు వేయలేదు. అది నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. ఫెర్డినాండ్ ఒక్కడూ చెక్కుచెదరకుండా ఉన్నాడు.

శైలజ తిరిగి వచ్చింది. చలికోటు కింద పట్టుచీర. తలంటుకున్న జుట్టు ఇంకా పూర్తిగా ఆరలేదు. చేతిలో ఖాళీ స్టీలు పళ్ళెం, దాని అంచున నాలుగు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. పనిదినం, పొద్దున్న పదకొండు. ఆయన సోఫాలో కూర్చుని ఆ జుట్టునీ, చీరనీ, పళ్ళాన్నీ వరసగా చూశారు.

"ఆఫీసు పని అయిందా అమ్మలూ?"

"అయింది నాన్నా."

"పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు. వెళ్ళి ఏదైనా తిను."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు. ఆయన అటువైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను, తెలుగులో.

"ఆ నాలుగేళ్ళూ హువానా రాణి నిజంగా నమ్మిందంటారా మాస్టారూ, తండ్రి బతికే ఉన్నాడని?"

వంటింట్లో కుళాయి ఆగింది.

"నమ్మిందని ఎవరన్నారండీ? చెప్పేవాళ్ళ మొహం చూసి, పాపం అని ఊరుకుంది."